థర్మోస్టాట్ హౌసింగ్ మార్చేటప్పుడు దించిన కూలెంట్‌ను మళ్ళీ పోయవచ్చా?

ప్రశ్న: ఎంవీపీ కాలనీ వాసి

అందరికీ నమస్కారం. మాది ఆరేళ్ళ కిందట కొన్న చిన్న పెట్రోలు కారు. ఇంజిను పక్కన థర్మోస్టాట్‌ను (వేడిని బట్టి కూలెంట్ దారిని తెరిచి మూసే కవాటాన్ని) పట్టి ఉంచే ప్లాస్టిక్ హౌసింగ్ సన్నగా చీలి, అక్కడి నుంచి కూలెంట్ చెమ్మలా కారుతోంది. ఆరిన చోట గులాబీ రంగు పొర గట్టిపడి కనిపిస్తోంది. ఇంజిను ఇంతవరకు అతిగా వేడెక్కలేదు, ఉష్ణోగ్రత ముల్లు మధ్య గీతను దాటలేదు. అయితే కూలెంట్ బాటిల్‌లో మట్టం కనిష్ఠ గీత దగ్గరికి దిగింది కనుక, హౌసింగ్‌నూ దానితో పాటే థర్మోస్టాట్‌నూ మార్పించాలని నిర్ణయించుకున్నాను.

మద్దిలపాలెంలో మాకు చాలాకాలంగా తెలిసిన మెకానిక్ గారు ఈ పని చేస్తారు. హౌసింగ్ విప్పాలంటే రేడియేటర్‌లోని కూలెంట్‌ను కొంత దించక తప్పదనీ, దానిని శుభ్రమైన టబ్బులో పట్టి, పని ముగిశాక తిరిగి పోస్తాననీ, మంచి సరుకును పారబోసి మళ్ళీ కొనవలసిన అవసరం లేదనీ ఆయన అన్నారు. ఆ కూలెంట్‌ను పోయించి ఏడాది దాటి కొన్ని నెలలే అయింది. కారు పుస్తకంలో రాసిన రకమే కొన్నాము, అది ముందుగానే నీళ్ళు కలిపి అమ్మే డబ్బా. మా బావగారు మాత్రం ఒకసారి బయటికి వచ్చిన కూలెంట్‌ను మళ్ళీ ఇంజినులోకి పంపకూడదనీ, గాలి తగిలితే దాని గుణం పోతుందనీ గట్టిగా చెబుతున్నారు.

గాలి తగిలినంత మాత్రాన కూలెంట్ చెడిపోతుందా? చెడిపోకపోతే, పట్టిన దానిని ఎలా పరీక్షించి, ఎలా నిలవ చేసి, ఎలా తిరిగి పోయాలి? తక్కువ పడినదానికి ఏమి కలపాలి? అనుభవం ఉన్నవారు వివరంగా చెప్పగలరని కోరుతున్నాను.

జవాబు: గాజువాక ఆటోనగర్ షెడ్డు

నమస్కారమండీ. మీరు చెప్పిన వివరాలను బట్టి చూస్తే తిరిగి పోయవచ్చు. మీ మెకానిక్ గారు చెప్పిన పద్ధతి తప్పు కాదు. పెద్ద కంపెనీల మరమ్మతు పుస్తకాలు కొన్నింటిలో కూడా, దించిన కూలెంట్ శుభ్రంగా ఉండి దాని గడువు మిగిలి ఉంటే మళ్ళీ వాడుకోవచ్చనే రాసి ఉంటుంది. బయటి భాగం పగిలినందువల్ల దించుతున్నామా, లేక ఇంజిను లోపల ఏదైనా చెడినందువల్ల దించుతున్నామా అన్నదే ఇక్కడ ముఖ్యం.

మీది మొదటి రకం. హోస్ పైపు చిరిగినా, హౌసింగ్ చీలినా, రేడియేటర్‌కు రాయి తగిలి చిల్లు పడినా లోపల ఉన్న ద్రవానికి ఏ దోషమూ అంటదు. అదే హెడ్ గ్యాస్కెట్ (సిలిండర్ హెడ్‌కూ ఇంజిన్ బ్లాకుకూ మధ్య ఉండే సీలు పొర) పోయిన బండి అయితే, సిలిండర్‌లో మండిన వాయువులు కూలెంట్‌లోకి చొరబడి దానిని ఆమ్లంగా మారుస్తాయి, ఇంజిన్ ఆయిల్ కూడా కలిసే ప్రమాదం ఉంటుంది. అటువంటి కూలెంట్‌ను ఎంత కొత్తదైనా నేను తిరిగి పోయను. ఆయిల్ కూలర్ లోపల లీకైన బండికీ, వాటర్ పంపు బేరింగ్ అరిగి ఇనుప పొడి రాలిన బండికీ, ఎవరో లీకు ఆపడానికి పొడి కలిపిన బండికీ ఇదే నియమం.

పట్టే విధానంలోనే చాలామంది దగ్గర పొరపాటు జరుగుతుంది. ఇంజిన్ ఆయిల్ పట్టే టబ్బునే తుడిచి దీనికీ పెడతారు. ఆ టబ్బుకు అంటుకున్న నూనె పొర కూలెంట్‌తో పాటు లోపలికి వెళ్ళి, రబ్బరు హోసులను మెల్లగా ఉబ్బించి మెత్తబరుస్తుంది. ఆ హోసులు సాధారణంగా ఈపీడీఎం అనే రబ్బరుతో తయారవుతాయి. అది వేడి నీటికీ, కూలెంట్‌లోని ప్రధాన రసాయనమైన గ్లైకాల్‌కూ తట్టుకుంటుంది కానీ పెట్రోలియం నూనెకు తట్టుకోదు. అందువల్ల కూలెంట్‌కు వేరే టబ్బు ఉండాలి. దించడానికి ముందు రేడియేటర్ కింది భాగాన్నీ, అడుగున ఉన్న ప్లాస్టిక్ కవరునూ కడిగించండి. బీచ్ రోడ్డులో తిరిగే బండ్లకు అక్కడ ఇసుక, ఉప్పు పేరుకుని ఉంటాయి, కూలెంట్ దించడానికి రేడియేటర్ అడుగున ఉండే కాక్ తిప్పగానే అదంతా ధారతో పాటు టబ్బులో పడుతుంది.

ఇంజిను పూర్తిగా చల్లారనిదే రేడియేటర్ మూత తీయవద్దని కూడా మీకు తెలిసిన విషయమే అయినా చెబుతున్నాను. మూత లోపల దాదాపు 1 బార్ ఒత్తిడి ఉంటుంది, ఆ వేడి ద్రవం మొహాన పడితే చర్మం ఊడిపోతుంది.

జవాబు: పెందుర్తి, ట్యాక్సీ యజమాని

అండీ, నాది కొంచెం వేరే అభిప్రాయం. కూలెంట్ అసలు ప్రయోజనం నీళ్ళు గడ్డకట్టకుండా కాపాడటం. మన విశాఖలో చలికాలంలో కూడా ఆ భయం లేదు. లంబసింగి లాంటి చోట తెల్లవారుజామున మంచు పడినా, బండి రేడియేటర్ గడ్డకట్టిందని నేను ఎప్పుడూ వినలేదు. మా నాన్నగారు అంబాసిడర్ నడిపిన రోజుల్లో కుళాయి నీళ్ళే పోసేవారు, వేసవిలో కూడా బండి ఆగలేదు. నీళ్ళు వేడిని కూలెంట్ కన్నా బాగా లాగుతాయని కూడా పెద్దలు చెబుతారు. పాతది తిరిగి పోయడం గురించి ఇంత ఆలోచించే బదులు, తక్కువ పడిన చోట మంచి నీళ్ళు పోస్తే సరిపోతుందని నా నమ్మకం. తప్పయితే తెలిసినవారు చెప్పండి.

జవాబు: ఉక్కునగరం, విశ్రాంత ఇంజినీరు

పెందుర్తి మిత్రులు అడిగిన ప్రశ్న మంచిది కనుక అక్కడి నుంచే మొదలుపెడతాను. ఉక్కు కర్మాగారంలో శీతలీకరణ నీటిని శుద్ధి చేసే విభాగంలో నా ఉద్యోగ జీవితం గడిచింది. మూసి ఉన్న గొట్టాలలో తిరిగే నీటికి, లోహానికి మధ్య జరిగేదంతా అక్కడ చూశాను. కారులో జరిగేదీ అదే, కొలత మాత్రమే చిన్నది.

నీళ్ళు వేడిని బాగా మోస్తాయన్న మాట నిజం. కిలో నీటిని ఒక డిగ్రీ వేడెక్కించడానికి 4.18 కిలోజౌళ్ళు కావాలి, సగం నీళ్ళు సగం ఇథిలీన్ గ్లైకాల్ కలిపిన ద్రవానికి సుమారు 3.5 చాలు. మరిగే ఉష్ణోగ్రతలో కూడా అనుకున్నంత తేడా లేదు. 1.1 బార్ మూత బిగించిన రేడియేటర్‌లో ఉత్త నీళ్ళు దాదాపు 121 డిగ్రీల వరకు మరగవు, సగం సగం మిశ్రమం 129 డిగ్రీల దాకా ఆగుతుంది. అంటే మరగకుండా కాపాడటంలో ఎక్కువ పని మూతలోని స్ప్రింగుదే. అనంతగిరి ఘాట్‌లో ఏసీ వేసుకుని ఎక్కే బండికి ఆ మిగిలిన ఎనిమిది డిగ్రీలు పనికివస్తాయి కానీ, కూలెంట్ కొనడానికి అది ఒక్కటే కారణమైతే నేనూ మీ పక్షమే వహించేవాడిని.

అసలు కారణం తుప్పు. అంబాసిడర్ ఇంజిను పోత ఇనుము, దాని రేడియేటర్ రాగి, ఇత్తడి. ఆ గోడలు మందంగా ఉండేవి కనుక కొంత తుప్పు తిన్నా ఏళ్ళ తరబడి నిలిచేవి. ఇప్పటి కార్లలో సిలిండర్ హెడ్ అల్యూమినియం, రేడియేటర్ గొట్టాలు కాగితం కన్నా కాస్త మందమైన అల్యూమినియం రేకు. అల్యూమినియంను కాపాడేది దాని మీద సహజంగా ఏర్పడే సన్నని ఆక్సైడ్ పొర. ఆ పొరను ఛేదించేది క్లోరైడ్, అంటే ఉప్పు. మన ఊరిలో సముద్రానికి దగ్గరగా ఉన్న బోరు నీళ్ళు రుచి చూస్తేనే ఉప్పదనం తెలుస్తుంది. ఆ నీళ్ళలోని కాల్షియం, మెగ్నీషియం వేడి గోడల మీద గారగా పేరుకుంటాయి, క్లోరైడ్ సూదిమొనంత గుంటలు తవ్వుతుంది. కుళాయి నీళ్ళు బోరు నీళ్ళ కన్నా నయమే అయినా వాటిలోనూ లవణాలు, క్లోరిన్ ఉంటాయి. అందువల్ల కలిపితే డిస్టిల్డ్ వాటర్ మాత్రమే కలపాలి, బ్యాటరీ దుకాణాలలోనూ పెట్రోలు బంకులలోనూ అది తేలికగా దొరుకుతుంది.

ఇక ప్రశ్న అడిగినవారి సందేహానికి వస్తాను. కూలెంట్‌లో గ్లైకాల్ త్వరగా అరిగిపోదు. అరిగిపోయేవి దానిలో కలిపిన తుప్పు నిరోధకాలు. పాత పద్ధతి కూలెంట్‌లో సిలికేట్లు, ఫాస్ఫేట్లు లోహపు గోడలంతటా పొరగా పరుచుకుంటాయి. ఆ పని వేగంగా జరుగుతుంది కానీ అవి రెండు మూడేళ్ళలో ఖర్చయిపోతాయి. కొత్త పద్ధతిలో, అంటే ఓఏటీ అని డబ్బా మీద రాసే రకంలో, సేంద్రియ ఆమ్లాల లవణాలు ఉంటాయి. అవి తుప్పు మొదలైన చోటనే పనిచేస్తాయి కనుక మెల్లగా ఖర్చవుతాయి. అందుకే చాలా తయారీదారులు వాటికి అయిదేళ్ళ వరకు గడువు ఇస్తారు. మీరు పోయించి ఏడాది దాటింది కనుక, అది ఏ రకమైనా నిరోధకాలలో చెప్పుకోదగిన భాగం మిగిలే ఉంటుంది.

గాలి తగిలితే గుణం పోతుందన్న మీ బావగారి మాటలో కొంత శాస్త్రం ఉంది. గ్లైకాల్ ఆక్సిజన్‌తో కలిస్తే గ్లైకోలిక్, ఫార్మిక్ ఆమ్లాలుగా మారుతుంది, అప్పుడు ద్రవం పీహెచ్ (ఆమ్ల, క్షార గుణాన్ని చెప్పే కొలత) పడిపోతుంది. అయితే ఈ మార్పుకు వేడి కావాలి, కాలమూ కావాలి. బండి లోపల 90 డిగ్రీల దగ్గర, మూత సరిగా పట్టక గాలి పీలుస్తూ నెలల తరబడి నడిచినప్పుడు అది జరుగుతుంది. చల్లని ద్రవం మూత పెట్టిన డబ్బాలో ఒకటి రెండు రోజులు ఉన్నంత మాత్రాన దాని గుణం మారదు. టబ్బును మూత లేకుండా షెడ్డులో వదిలేస్తే దుమ్ము, ఉప్పు గాలి, గ్రైండింగ్ రజను పడతాయి. నేను భయపడేది వాటి గురించి.

పరీక్ష విషయానికి వస్తే, ముందు కంటితో చూడండి. గాజు గ్లాసులో పట్టి వెలుతురుకు ఎదురుగా పెట్టినప్పుడు రంగు స్వచ్ఛంగా, అడుగు కనిపించేలా ఉండాలి. పైన నూనె మెరుపు కనిపించినా, తుప్పు రంగు తిరిగినా, మజ్జిగలా మసకబారినా, అడుగున జిగురులాంటి ముద్ద చేరినా పారేయవలసిందే. తరువాత పీహెచ్ పట్టీ ముంచండి. కొత్త కూలెంట్ క్షార స్వభావంతో, సాధారణంగా 7.5 నుంచి 11 మధ్య ఉంటుంది. 7 కన్నా తగ్గితే నిరోధకాలు అయిపోయాయనే అర్థం. గ్లైకాల్ పాలు ఎంత ఉందో, ఒక చుక్క వేసి వెలుతురులో చూసే రిఫ్రాక్టోమీటర్ అనే పరికరంతో తెలుస్తుంది. బ్యాటరీ ద్రవాన్ని పరీక్షించే పరికరంలోనే చాలావరకు గ్లైకాల్ కొలబద్ద కూడా ఉంటుంది. అయితే ఆ పరికరం చూపేది గ్లైకాల్ మోతాదును మాత్రమే. మోతాదు సరిగా ఉండి నిరోధకాలు చచ్చిపోయిన కూలెంట్ ఉండవచ్చు కనుక రెండు పరీక్షలూ అవసరం.

రంగును చూసి రకాన్ని నిర్ణయించవద్దని ప్రత్యేకంగా మనవి చేస్తున్నాను. గులాబీ, ఆకుపచ్చ, నీలం అన్నీ తయారీదారు కలిపిన రంగులే, వాటికి ఉమ్మడి నియమం ఏదీ లేదు. తక్కువ పడినదానికి అదే కంపెనీ అదే డబ్బా కొనండి. దొరకకపోతే కారు పుస్తకంలో ఉన్న ప్రమాణంతో, డబ్బా మీద ముద్రించిన ప్రమాణాన్ని పోల్చి కొనండి. మన దేశంలో కూలెంట్‌కు ఐఎస్ 5759 అన్న ప్రమాణం ఉంది. రెండు వేర్వేరు రకాలు కలిస్తే వెంటనే ప్రమాదం జరగకపోయినా, దీర్ఘకాలం పనిచేయవలసిన నిరోధకం తన గడువును కోల్పోతుంది.

ప్రశ్న అడిగినవారు

ఇంత శ్రద్ధగా రాసినందుకు అందరికీ కృతజ్ఞతలు. మీరు చెప్పినట్లే ముందు అడుగు భాగం కడిగించి, కొత్త ప్లాస్టిక్ టబ్బులో పట్టించాను. గ్లాసులో చూస్తే రంగు స్వచ్ఛంగా ఉంది, నూనె మెరుపు లేదు, అడుగున మాత్రం సన్నని ఇసుకలాంటిది కొంచెం చేరింది. పీహెచ్ పట్టీ 8 దగ్గర చూపించింది. కొత్త హౌసింగ్ రేపు వస్తుందట. ఈ లోగా ఈ ద్రవాన్ని ఎలా ఉంచాలి? తిరిగి పోసేటప్పుడు గాలి బుడగలు మిగలకుండా ఏమి చేయాలి?

జవాబు: గాజువాక ఆటోనగర్ షెడ్డు

పీహెచ్ 8, నూనె లేదు అంటే నిశ్చింతగా వాడుకోండి. ఇసుక గురించి అశ్రద్ధ చేయవద్దు. వాటర్ పంపు లోపలి సీల్‌లో రెండు నునుపైన ముఖాలు ఒకదానిని ఒకటి ఒరుసుకుంటూ ఉంటాయి, వాటి మధ్య తడిగా ఉండేది ఈ కూలెంటే. ఇసుక రేణువు అక్కడికి చేరితే గీత పడి, కొన్నాళ్ళకు పంపు కారడం మొదలవుతుంది. రాత్రంతా కదపకుండా ఉంచి, ఉదయం పై ద్రవాన్ని మాత్రమే నెమ్మదిగా వంచి, కాఫీ వడకట్టే నూలు గుడ్డను రెండు మడతలు వేసి వడకట్టండి. అడుగున మిగిలిన దానిపై ఆశ పెట్టుకోకుండా తీసేయండి, ఆ మేరకు కొత్తది పోయవచ్చు.

ఇక్కడ మరో సంగతి. కాక్ తిప్పితే రేడియేటర్‌లోది మాత్రమే వస్తుంది. ఇంజిన్ బ్లాకులోనూ హీటర్‌లోనూ ఉన్నది, అంటే మొత్తంలో దాదాపు సగం, లోపలే ఉండిపోతుంది. ఈ పద్ధతిలో కొత్త కూలెంట్ పోయించుకున్నవారు అంతా కొత్తదేనని అనుకుంటారు కానీ సగం పాతదే. కాబట్టి మీరు తిరిగి పోస్తున్నది లోపల మిగిలినదానితోనే కలుస్తుంది, రకం తేడా వచ్చే అవకాశం లేదు. ఒకవేళ మీది వాటర్ పంపు మార్చే పని అయి ఉంటే నా సలహా మరోలా ఉండేది, ఎందుకంటే పంపు తయారీదారులు చాలామంది కొత్త పంపుతో పాటు లోపల కడిగి కొత్త కూలెంట్ పోయమని కాగితంలో రాస్తారు.

పోసే ముందు హౌసింగ్ కూర్చునే ముఖాన్ని పాత రబ్బరు, పొర లేకుండా శుభ్రం చేయించండి. కొత్త ఓ రింగు (కారకుండా మధ్యలో పెట్టే రబ్బరు వలయం) మీద జిగురు పూయనివ్వవద్దు. బోల్టులను ఒకేసారి బిగించకుండా ఒకదాని తరువాత ఒకటి కొంచెం కొంచెంగా బిగించాలి, ప్లాస్టిక్ హౌసింగులు చీలేది ఎక్కువగా అతి బిగింపు వల్లనే. తరువాత బండి ముందు భాగం ఎత్తుగా ఉండేలా నిలపండి. మన ఊరిలో వాలు వీధికి కొదవ లేదు, ముందు భాగం ఎగువకు ఉండేలా పెట్టి హ్యాండ్ బ్రేకు వేసి, వెనుక చక్రాల కింద రాళ్ళు పెట్టాలి. హీటర్ నాబ్‌ను పూర్తిగా వేడి వైపు తిప్పి, గరాటుతో సన్నని ధారగా పోయండి. పై హోసును చేత్తో నొక్కి వదులుతుంటే బుడగలు పైకి వస్తాయి. హౌసింగ్ మీద గాలి వదిలే స్క్రూ ఉంటే, దాని నుంచి బుడగ లేని ధార వచ్చేదాకా తెరిచి ఉంచాలి.

తరువాత మూత తీసి ఉంచే ఇంజిను నడపండి. థర్మోస్టాట్ సాధారణంగా 82 నుంచి 88 డిగ్రీల మధ్య తెరుచుకుంటుంది. అప్పటివరకు చల్లగా ఉన్న గొట్టం ఒక్కసారిగా వేడెక్కుతుంది, రేడియేటర్‌లో మట్టం దిగుతుంది. దిగినంత పోసి మూత పెట్టి, ఫ్యాను ఒకసారి తిరిగి ఆగేదాకా చూసి, ఇంజిను ఆపండి. మర్నాడు ఉదయం చల్లగా ఉన్నప్పుడు బాటిల్‌లో మట్టం కొంచెం తగ్గి ఉంటే అది మిగిలిన గాలి బయటికి వచ్చినందుకే, ఒకసారి నింపితే సరిపోతుంది. వారం తరువాత కూడా తగ్గుతూ ఉంటే మాత్రం లీకు ఇంకెక్కడో ఉందని అర్థం.

జవాబు: సీతమ్మధార, రసాయన శాస్త్ర అధ్యాపకురాలు

నిలవ చేయడం గురించి ఎవరూ చెప్పలేదు కనుక రాస్తున్నాను. దయచేసి ఆ ద్రవాన్ని మంచినీళ్ళ సీసాలలోనూ, శీతల పానీయాల సీసాలలోనూ పోయవద్దు. ఇథిలీన్ గ్లైకాల్ తియ్యగా ఉంటుంది, గులాబీ రంగు చూసి పిల్లలు షరబత్ అనుకుంటారు. పెద్దవారికి కూడా 100 మిల్లీలీటర్ల దగ్గర ప్రాణాపాయం, పిల్లలకు అంతకన్నా చాలా తక్కువ చాలు. శరీరంలో అది ఆక్సాలిక్ ఆమ్లంగా మారి, కాల్షియంతో కలిసి మూత్రపిండాలలో స్ఫటికాలుగా పేరుకుంటుంది. మొదట తాగిన మత్తులా మాత్రమే కనిపిస్తుంది కాబట్టి ఇంట్లోవారు నిద్ర అనుకుని ఆలస్యం చేసే ప్రమాదం ఉంది. ఎవరైనా మింగారన్న అనుమానం వచ్చినా లక్షణాల కోసం ఎదురుచూడకుండా, డబ్బాను వెంట తీసుకుని కేజీహెచ్‌కు (కింగ్ జార్జ్ ఆసుపత్రికి) గానీ దగ్గరలోని అత్యవసర విభాగానికి గానీ వెళ్ళాలి. దీనికి విరుగుడు మందు ఉంది, కానీ అది పనిచేసేది తొలి గంటల్లోనే.

కూలెంట్ కొన్న ఖాళీ డబ్బా మీ దగ్గర ఉంటే అదే ఉత్తమం. లేకపోతే మూత బిగుతుగా పట్టే మందపాటి ప్లాస్టిక్ డబ్బా తీసుకుని, పెద్ద అక్షరాలతో విషం అని, తేదీతో పాటు రాసి, పై అరలో పెట్టండి. వడకట్టిన గుడ్డనూ, గరాటునూ మళ్ళీ వంటింటికి చేర్చవద్దు. నేల మీద ఒలికితే వెంటనే నీళ్ళతో కాకుండా, ముందు ఇసుకతో గానీ రంపపు పొట్టుతో గానీ పీల్పించి ఎత్తిన తరువాత కడగండి. వీధి కుక్కలు, పిల్లులు ఆ మడుగును నాకి చనిపోతాయి.

అడుగున మిగిలినదానిని వీధి కాలువలో పోయాలన్న ఆలోచన ఉంటే మానుకోమని వేడుకుంటున్నాను. మన కాలువలు గెడ్డలలో (వాగులలో) కలుస్తాయి, గెడ్డలు సముద్రంలో కలుస్తాయి. గ్లైకాల్ నీటిలో కుళ్ళిపోయే పదార్థమే అయినా, కుళ్ళేటప్పుడు నీటిలోని ఆక్సిజన్‌ను లాగేసుకుంటుంది, పైగా వాడిన కూలెంట్‌లో ఇంజిను లోహాలు కూడా కరిగి ఉంటాయి. వాడిన ద్రవాలను వేరుగా సేకరించే సర్వీసు కేంద్రం ఉందేమో మీ మెకానిక్ గారి ద్వారా కనుక్కుని అక్కడ ఇప్పించండి. ఆటోనగర్‌లో వాడిన ఇంజిన్ ఆయిల్ కొనేవారి డ్రమ్ములో మాత్రం కలపనివ్వవద్దు. నీళ్ళు, గ్లైకాల్ కలిసిన నూనెను తిరిగి శుద్ధి చేయడం చాలా కష్టం, ఆ కాస్త ద్రవం వల్ల డ్రమ్ము మొత్తం పనికిరాకుండా పోవచ్చు.